అద్దాల గది మనకెందుకు?

ఆధునిక గ్రంథాలయం అనగానే అద్దాల గోడ, ఏసీ, నున్నటి బండలు గీసి చూపిస్తున్నారు. కరెంటు పోతే ఆ గదిలో ఎవరు కూర్చుంటారు? పడమటి వైపు అద్దం పెడితే మే నెలలో అది పొయ్యే. వానాకాలం కిటికీలు తెరుచుకోకపోతే చెమ్మ నిలిచి పుస్తకాలు బూజు పడతాయి.

మన ఇంటి చూరు ఎందుకు అంత కిందికి దిగి ఉంటుందో ప్లాను గీసేవాళ్లు ఒక్కసారైనా అడిగారా? జల్లు గోడను తడపకూడదని, ఎండ లోపలికి రాకూడదని. ఆ తెలివి సిమెంటు కట్టడానికీ పనికొస్తుంది. ఉత్తరాన పెద్ద కిటికీలు, చుట్టూ వసారా, ఎత్తైన పునాది, చెదలు పాకకుండా గోడకు ఎడంగా బీరువాలు, కప్పు మీద సోలార్ పలకలు. ఆధునికమంటే మాకు ఇదే. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయం పెరుగుతూ పోతుందని సూత్రం రాశారు కదా, రేపు రెండో గది కలిపే వీలుండాలి.

మన చదువులో సగం నోటి మీదే ఉంది. కథ చెప్పే అవ్వకు, కిక్రి వాయించే పర్ధాన్‌కు చాప పరిచే చావడి లేకపోతే అది పుస్తకాల గోదామే. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. గూడెం గ్రంథాలయం ప్లానులో దానికి ఒక్క అరైనా గీస్తున్నారా?

టీచర్లారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! 1996 పెసా చట్టం ప్రకారం పంచాయతీ అభివృద్ధి పనులకు ముందుగా గ్రామసభ ఆమోదం కావాలి. సంతకాలు అడిగే రోజున ప్లాను కాగితం సభలో పరిపించండి. కిటికీ ఎటువైపో, చావడి ఎక్కడో మన భాషలో చెప్పించండి. చెప్పేదాకా వేలిముద్ర వెయ్యొద్దు.