మౌనం అర్ధాంగీకారమేనా?

"మౌనం అర్ధాంగీకారం" అనే మాటను మనం ఎంత తేలికగా వాడేస్తామో గదా! పెళ్ళిచూపులలో పిల్ల నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టు, కాపురంలో భార్య బదులు చెప్పకపోతే తప్పు తనదేనని తలవంచినట్టు లెక్క కట్టేస్తాము. ఆ లెక్కను 13 నిమిషాలలో తారుమారు చేసిన ఒక ఫ్రెంచి లఘుచిత్రాన్ని గురించి, అందులో నాకు నచ్చినదీ నచ్చనిదీ ఇక్కడ చెప్పదలచాను.

జాఁ-లుక్ గొదార్ 1958లో తీసిన ఆ చిత్రం పేరు "షార్లొట్ ఎ సొఁ జూల్". తెలుగులో "షార్లొట్, ఆమెగారి జూల్" అనుకోవచ్చు. గొదార్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన "బ్రెత్‌లెస్" రావడానికి ఇంకా రెండేళ్ళు ఉంది. నలుపు తెలుపు చిత్రం. దాదాపు అంతా ఒకే చిన్న గదిలో నడుస్తుంది. జూల్‌గా జాఁ-పోల్ బెల్మోండో, షార్లొట్‌గా ఆన్ కొలెట్ నటించారు.

కథ చాలా చిన్నది. జూల్‌ను విడిచి వెళ్ళిపోయిన షార్లొట్ ఒకనాడు అతని గదికి వస్తుంది. తనకోసమే తిరిగి వచ్చిందని జూల్ నమ్మకం. ఇక అందుకుంటాడు. ఎత్తిపొడుస్తాడు, తిడతాడు, బుద్ధులు చెబుతాడు, తాను లేకపోతే ఆమె బ్రతుకు ఏమవుతుందో జోస్యం చెబుతాడు. సినిమాలలో చేరాలన్న ఆమె కోరికను వెక్కిరిస్తాడు. ఆ వరసలోనే మెత్తబడి, క్షమిస్తున్నానంటాడు. చివరకు తానే బ్రతిమాలుకుంటాడు. ఇంతసేపూ షార్లొట్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ముఖం రకరకాలుగా పెడుతూ ఉంటుందే తప్ప జవాబు చెప్పదు. చిట్టచివర, ఇంతకీ ఎందుకు వచ్చినట్టు అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చే సమాధానం ఒక్కటే: తన టూత్‌బ్రష్ కోసం వచ్చిందట! తీసుకొని వెళ్ళిపోతుంది.

నవ్వు వస్తుంది, నిజమే. కాని నవ్వు తగ్గాక ఆలోచిస్తే, ఈ జంట తగవు మనకు కొత్తది కాదని తెలుస్తుంది. జూల్ మాటలలో ప్రేమ లేదని నేను అనను. ఉన్నది. అయితే ఎదుటి మనిషిని ఒక్క ప్రశ్న అడిగి జవాబుకోసం ఆగే ఓపిక ఆ ప్రేమకు లేదు. ఆమె ఎందుకు వెళ్ళిందో అతనే చెబుతాడు, ఎందుకు వచ్చిందో కూడా అతనే చెబుతాడు. అసలు ప్రశ్న అడగవలసి వచ్చేసరికి ఆట ముగిసిపోయింది. ఆమె మౌనం అంగీకారమని అతడు అనుకున్నాడు. ఆమె తన నిర్ణయాన్ని గుమ్మంలోకి రాకముందే తీసుకున్నది. వాదించడానికి ఇంక ఏమీ మిగలలేదు కనుక వాదించలేదు.

ఈ చిత్రంలో మరొక విశేషం గొంతుకు సంబంధించినది. బెల్మోండో సైనికసేవకు వెళ్ళవలసి రావడంతో జూల్ మాటలను గొదార్ తానే చెప్పి డబ్బింగు చేశాడు. ఆ గొంతు బెల్మోండో ముఖానికి పూర్తిగా అతకదు. అవసరం కొద్దీ జరిగిన ఈ పని చిత్రానికి ఎంత మేలు చేసిందో చూడండి. జూల్ మాట్లాడుతున్నకొద్దీ ఆ మాటలు అతని లోపలినుండి వస్తున్నట్టు ఉండదు. ఎక్కడో నేర్చుకున్న పాఠాన్ని అప్పజెబుతున్నట్టు ఉంటుంది. మన తెలుగు సినిమాలలో ఏళ్ళ తరబడి అరువుగొంతు కథానాయికల వంతు. తెరమీద ఒకరు కనిపిస్తే తెరవెనుక వేరొకరు పలుకుతారు. అందుకు అలవాటుపడిన మనకు ఇక్కడ అరువుగొంతు మగవాడిదై, ఆడమనిషి మౌనం మాత్రం అచ్చంగా ఆమెదే కావడం మరింత ఆసక్తిగా తోస్తుంది.

ఫ్రెంచి కవి జాఁ కాక్టో 1940లో ఎడిత్ పియాఫ్ కోసం ఒక ఏకాంకిక వ్రాశాడు. అందులో మాట్లాడేది స్త్రీ, ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది పురుషుడు. గొదార్ ఆ అమరికను తలకిందులు చేశాడు. చేయడంతో అర్థమూ మారిపోయింది. మగవాడు పలకకపోతే అది నిర్లక్ష్యంగా, అధికారంగా కనిపిస్తుంది. షార్లొట్ పలకకపోతే అది ఆమెకు మిగిలిన స్వాతంత్ర్యంగా కనిపిస్తుంది.

ఇది చూస్తున్నప్పుడు గురజాడ "దిద్దుబాటు" జ్ఞాపకం రాక మానదు. 1910 నాటి ఆ కథలోనూ మాటలన్నీ గోపాలరావువే. కమలిని ఒక ఉత్తరం వ్రాసిపెట్టి కనబడకుండా పోతుంది. అతడు కోపగించుకొని, నౌకరు మీద చేయిచేసుకొని, పశ్చాత్తాపపడి, ఇంత భాగోతమూ అయ్యాక మంచం కిందనుండి ఆమె నవ్వు వినబడుతుంది. అక్కడ నవ్వు, ఇక్కడ టూత్‌బ్రష్. రెండుచోట్లా అంతసేపటి మగమాటను ఆడమనిషి ఒక్క క్షణంలో తేల్చివేస్తుంది. తేడా ఏమిటంటే కమలిని మంచం కిందనే ఉన్నది, దిద్దుకోవడానికి గోపాలరావుకు గడువు ఇచ్చింది. షార్లొట్ ఇచ్చిన గడువు, అటువంటిది ఏదైనా ఉంటే, చిత్రం మొదలుకాకముందే తీరిపోయింది.

ఇక నచ్చనిది. షార్లొట్ కోసం కింద కారులో మరొక యువకుడు కాచుకొని ఉంటాడు. ఈ ఒక్క ఏర్పాటు చిత్రానికి అన్యాయం చేసిందని నా అభిప్రాయం. ఇతడిని వదిలి ఎందుకు పోయిందయ్యా అంటే, ఇంకొకడు దొరికాడు గనుక అనే చవకబారు జవాబును అది ప్రేక్షకుని చేతిలో పెడుతుంది. ఆమె ఒంటరిగా వచ్చి, ఒంటరిగానే వెళ్ళిపోయి ఉంటే మనకు ఆ సౌకర్యం ఉండేది కాదు. జూల్ మాటలను వెనక్కి తిప్పుకొని మళ్ళీ వినవలసి వచ్చేది. పైగా షార్లొట్ మనసు మనకు చివరివరకూ తెలియదు. చిలిపిగా, తేలికగా, కాస్త బొమ్మలాగా ఉంటుంది. మాటలన్నీ మగవాడికి ఇచ్చి అతణ్ణి నవ్వులపాలు చేయడం వరకు గొదార్‌కు సాధ్యమయింది. ఆమె ఏమి అనుభవించి ఈ మౌనానికి వచ్చిందో చూపడం ఈ చిత్రంలో సాధ్యపడలేదు.

అయినా దీనిని నేను మంచి చిత్రాలలోనే చేరుస్తాను. యువజంటల కలహాలను గురించి మనవారు తీసే లఘుచిత్రాలలో నేను చూసినవాటిలో చాలామటుకు అబ్బాయి గోడు మీదనే నడుస్తాయి. అతడు చెప్పుకుంటాడు, సంగీతం అతని పక్షాన మ్రోగుతుంది, అమ్మాయి కఠినాత్మురాలిగా మిగిలిపోతుంది. ఎక్కువ మాట్లాడినవారే ఎక్కువ బాధపడ్డారని నమ్మే అలవాటు మనకు ఇళ్ళలోని పంచాయతీలలోనూ ఉన్నది. ఈసారి అటువంటి తగవు మీ ముందుకు వస్తే, మాట్లాడనివారిని పిలిచి, "నువ్వు ఏమనుకుంటున్నావమ్మా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి చూడండి. జూల్ ఆ పని ముందే చేసి ఉంటే టూత్‌బ్రష్ ఆ గదిలోనే ఉండేదో లేదో చెప్పలేను గాని, ఆమె ఎందుకు వెళుతున్నదో అతనికి తెలిసి ఉండేది.