ఇంటికి క్రొత్త సొగసు

సంక్రాంతికి ముందు ఇండ్లకు సున్నము వేయుట మన దేశమున తరతరములుగ వచ్చుచున్న యాచారము. వానలకు నాచుపట్టిన గోడలను గీచి, వెల్ల వేసి, గడపలకు పసుపు పూసి, వాకిట ముగ్గు తీర్చినంతనే ఇల్లు క్రొత్తదనము దాల్చెడిది. అందులకు సున్నపు కుండయు, రెండు కుంచెలును, ఇద్దరు ముగ్గురి శ్రమయు చాలియుండెను. నేడు “ఇంటిని క్రొత్త చేయుట” యను మాటకు వేఱర్థ మేర్పడినది. ఇంటీరియరు డిజైనరు వచ్చి గదులు కొలుచును. కంప్యూటరు తెరపై రానున్న యింటి చిత్రమును చూపును. కొలది నెలలలో పైకప్పునుండి నేలవఱకు లోపలి రూపమంతయు మాఱిపోవును. పట్టణములలోని యపార్టుమెంటులకే గాక, డెల్టా గ్రామములలోని పాత లోగిళ్లకును ఈ వాడుక ప్రాకినది. సంపాదించినవాడు తన యిల్లు అందముగ నుండవలెనని కోరుట సహజమే. దానిని మే మాక్షేపింపము. కాని యీ సందడిలో మనము దేనిని పాఱవేయుచున్నాము, దేనిని కొని తెచ్చుకొనుచున్నాము, ఆ ధన మెవరి చేతికి పోవుచున్నది యను విషయములను గృహస్థులు కొంచెము నిలిచి యోచింపవలసియున్నది.

గత వేసవిలో ఒక వివాహమునకై మేము కోనసీమలోని యొక గ్రామమునకు పోయియుంటిమి. ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషి మాకు చిరకాల మిత్రులు. వారిది నూఱేండ్లు దాటిన మండువా లోగిలి. కుమారుని పెండ్లికని దానిని క్రొత్త చేయించిరి. మండువాపై ఫైబరు రేకు కప్పిరి. నాలుగు టేకు స్తంభములకు ప్లైవుడ్డు పెట్టెలు బిగించి, వానిపై చలువరాయివలె కానవచ్చు కాగితమంటించిరి. చిలుకలును తామరపూవులును చెక్కిన రెండు ద్వారబంధములు ఊడదీసి, ఒకదానిని పాతసామానుల వర్తకునకు వంటచెఱకు వెలకు అమ్మిరి. రెండవది పశువులపాకలో గోడకానించియుండెను. వాని స్థానమున దుకాణమునుండి సిద్ధముగ వచ్చిన తలుపులు నిలిపిరి. ఆ తలుపుల పైపొరపై ఏమున్నదని చూడగా, టేకు చారల బొమ్మ! అసలు టేకును అమ్మి, టేకు బొమ్మను కొని తెచ్చినారన్నమాట. మా ముఖము చూచి ఆ పెద్దమనిషియే సంజాయిషీ చెప్పుకొనిరి: “పిల్లలు పట్నంలో ఇలాగే చూశారండీ. పెళ్ళివారు వచ్చేసరికి పాతకొంపలా ఉండకూడదన్నారు.”

పిమ్మట నెల తిరుగకముందే హైదరాబాదులో ఒక హోటలున భోజనమునకు కూర్చుండగా, మా యెదుట బల్లయే యొక పాత ద్వారబంధము. దానిపై అద్దము పఱచి, క్రింద దీపము పెట్టిరి. చిలుకలు, తామరలు, ఇత్తడి పువ్వులు అన్నియు నున్నవి. పాత వస్తువులతో గదిని తీర్చుట ఇప్పటి నాగరకపు వాడుకయట! పల్లెలో “పాతకొంప” యనిపించుకొన్న కొయ్య పట్నమున ఫ్యాషనై కూర్చున్నది. మధ్యనున్న లాభము పల్లెవానికిని దక్కలేదు, చెక్కిన వడ్రంగి సంతతికిని దక్కలేదు.

ఈ ఫ్యాషనులు ఎవరు నిర్ణయింతురు? అమెరికాదేశమున పాంటోను అను రంగుల సంస్థ యొకటి యేటేట రాబోవు సంవత్సరమునకు ఒక రంగును ప్రకటించును. 2024కు పీచుపండు నూగువంటి లేతవన్నె. 2025కు కాఫీయు చాక్లెటును కలిపిన గోధుమవన్నె. ఆ రెండవది చూచినపుడు మాకు నవ్వు వచ్చినమాట నిజము. మన పల్లెలలో ఎఱ్ఱమన్ను, పేడ కలిపి గోడల కలికిన వన్నెకును దీనికిని పెద్ద భేదము లేదు. ఆ మట్టిగోడను సిగ్గుతో కూలద్రోసిన కుటుంబమే, సిమెంటుగోడకు ఆ వన్నెనే డబ్బా లెక్కన కొని పూయించుకొనవచ్చును.

రంగు మాట యటుంచుడు. మూడునాలుగేండ్లకు వేఱొకటి వేసికొనవచ్చును. గదుల తీరును అరువు తెచ్చుకొనుటయే చిక్కు. 2018 ఆగస్టులో స్వీడనునందు పుట్టిన ఐకియా సంస్థ భారతదేశమున తన మొదటి యంగడిని హైదరాబాదుననే తెఱచినది. తెల్లని గోడలు, లేతరంగు కొయ్య, కిటికీలకు పలుచని తెరలు, సామాను తక్కువ: ఇది ఆ యుత్తరదేశముల పద్ధతి. అది చూడ ముచ్చటయైనదే. కాని అది యెందుకు పుట్టినదో తెలిసికొనవలెను. అచ్చట శీతకాలమున సూర్యుడు కొలది గంటలే కానవచ్చును. మిక్కిలి యుత్తరమున కొన్నాళ్లు కానరాడు. కావున వచ్చిన వెలుగునెల్ల ఇంటిలోనికి పిలిచి, తెల్లగోడలపై తిప్పి తిప్పి వాడుకొనుట వారికి బ్రతుకుతెరువు. మన రెంటచింతలలో, రామగుండములో వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము ఎవరైన వెలుగును పిలుతురా? ఆ వెలుగును గడపకవతల నిలుపుటకే మన పెద్దలు లోతైన వసారాలు, మందమైన గోడలు, చిన్న కిటికీలు, ఎత్తైన కప్పులు కట్టిరి. లోపలి మసక వారి దారిద్ర్యము కాదు, వారి శాస్త్రము. నేడు వసారాను గదిలో కలిపి, నిలువెత్తు అద్దము బిగించి, ఆ యద్దమునుండి వచ్చు ఎండ నోర్వలేక దట్టమైన తెర దింపి, తెర వెనుక పట్టపగలు దీపము వెలిగించుకొనుచున్నాము.

ఇతరుల తప్పులెన్నుట సులభము గనుక మా యింటి సంగతియు చెప్పవలసియున్నది. నాలుగేండ్ల క్రిందట మేమును ముందరి గదికి జిప్సము ఫాల్సు సీలింగు వేయించితిమి. పదునాలుగడుగుల గది తొమ్మిదడుగులకు దిగెను. పైకెగసిన వేడిగాలి బయటకు పోవుటకై మా పెద్దలుంచిన నాలుగు వెంటిలేటరులును పలక వెనుక మూతపడెను. మొదటి వేసవిలోనే ఏసీ యంత్రము కొనవలసివచ్చెను. రెండవ వర్షకాలమున మిద్దె చెమ్మ దిగి తెల్లపలకపై పసుపు మరకలు తేలెను; లోపల ఎలుకలు కాపురము పెట్టెను. తుదకు ఊడదీయించితిమి. ఊడదీసిన కూలి వేయించిన కూలికన్న తక్కువయే కాని, మా యింటి యిల్లాలి మాటలు మాత్రము తక్కువ కాలేదు.

ఇట్లనుటచే పాతదంతయు మేలని మేము వాదించుచున్నట్లు ఎవరును తలపరాదు. మండువా లోగిలి సౌందర్యమును వర్ణించువారు ఆ యింటి వంటగదిలో ఒక పూట యైనను గడపియుండరు. పొగ వెడలు దారిలేని చీకటిగదిలో, నేలపై కూర్చుండి, కట్టెల పొయ్యి నూదుచు మన తల్లులు కన్నులు పాడుచేసికొనిరి. నిలిచి వంటచేయు గట్టు, చేతికందు సొరుగులు, పొగను లాగు యంత్రము, కుళాయి నీరు—ఈ క్రొత్తపద్ధతులు వచ్చినందులకు స్త్రీలు సంతసించుట న్యాయము. ఇంటిని క్రొత్త చేయుటకు పెట్టు సొమ్ములో మొదటిభాగము వంటగదికిని స్నానపుగదికిని పోవలెననియే మా యభిప్రాయము. అతిథులు కూర్చుండు గదికి కాదు. వృద్ధులున్న యింట స్నానపుగది గోడకు బిగించిన యొక యినుప పట్టుకమ్మి, హాలులో వ్రేలాడు స్ఫటికపు దీపములకన్న విలువైన యలంకారము. మఱియొక మాట. ఆ లోగిళ్లకు దొడ్డివాకిలి యుండెను. ముందరి వసారా మెట్టెక్కనీయక ఎవరెవరిని అచ్చట నిలిపిరో మన మెఱుగుదుము. ద్వారబంధమును నిలుపుకొందము గాని, దానితో ఆ మర్యాదను నిలుపుకొన నక్కఱలేదు.

ఇక ఫ్యాషను లెప్పుడును పశ్చిమమునుండియే వచ్చినవా? కాదు. మన బందరు రేవునుండి అద్దకపు వస్త్రములు ఓడల కెక్కి యూరపు గదులనే మార్చిన కాలము కలదు. 1611లో ఆంగ్లేయులు బందరున వర్తకస్థావరము పెట్టుకొన్నదియు ఈ తీరపు వస్త్రముల కొఱకే. 1663 సెప్టెంబరులో లండను ఉద్యోగి శామ్యూలు పెపీసు, తన భార్య చదువుగది గోడలకు కప్పుటకై భారతదేశపు అద్దకపు వస్త్రము కొన్నట్లు దినచర్యలో వ్రాసికొనెను. మంచములకు తెరలు, కిటికీలకు తెరలు, కుర్చీలకు దిండ్లు అన్నియు మన కలంకారీయే యయ్యెను. 1708లో డానియెలు డీఫో అను పత్రికారచయిత, ఈ వస్త్రము పడకగదులలోనికి దూరినదని మొఱపెట్టెను. (పత్రికలవారు ఇండ్ల యలంకారములపై సణుగుట నేటి విద్య కాదు.) ఫ్రాన్సుప్రభుత్వము 1686లో ఈ వస్త్రములను నిషేధించినది. ఇంగ్లండు 1701లో దిగుమతిని ఆపినది; 1721 చట్టముతో దుస్తులకే గాక ఇంటి సామానులకును అద్దకపు నూలు బట్టను వాడరాదని శాసించినది. తమ ఉన్ని, పట్టు నేతగాండ్రు చెడిపోవుదురని వారి భయము. దిండుగలీబును గూర్చి పార్లమెంటు చట్టము చేసినదనిన, ఇంటిలో వేసికొను గుడ్డ యెవరి కడుపు నింపునో వారికి బాగుగ తెలిసియున్నదన్నమాట.

మనకు తెలిసియున్నదా? 1952లో ఏర్పడి, కమలాదేవి చట్టోపాధ్యాయ నాయకత్వమున చేతిపనులకు ఊపిరిపోసిన అఖిలభారత హస్తకళల మండలిని 2020 ఆగస్టులో కేంద్రప్రభుత్వము రద్దుచేసినది. అది పత్రికలలో ఒక మూల వార్తగా వచ్చిపోయినది. కలంకారీకి భౌగోళిక సూచిక యను చట్టపు గుర్తింపు కలదు. అయినను “కలంకారీ” పేరిట యంత్రమున అచ్చొత్తిన పాలియెస్టరు తెరలు ప్రతి యంగడిలోను వ్రేలాడుచున్నవి. పైన చెప్పిన కోనసీమ యింట క్రొత్తగా వచ్చిన తెరలును అవియే. అసలు పని యెట్టిదో చూచినవారికి ఈ మోసము కంటికి గుచ్చుకొనును. శ్రీకాళహస్తిలో నూలుబట్టను కరకకాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి, యెండనిచ్చి, బెల్లపునీట ఇనుపముక్కలు నాననిచ్చి చేసిన నల్లరంగుతో వెదురుకలము పట్టి గీతలు గీయుదురు. ఎఱుపు దిగవలసినచోట పటికనీరు పూయుదురు. ఒక్కొక్క రంగునకు మరల ఉదుకుట, మరల ఆరుట. పెడనలో కలమునకు మాఱుగ చెక్కిన కొయ్య అచ్చులు వాడుదురు. కొనువారు గుర్తించుటకు పెద్ద విద్య యక్కఱలేదు: బట్టను వెనుకకు త్రిప్పి చూచిన రంగు దిగియుండును, గీత యొకచోట లావు, ఒకచోట సన్నము, క్రొత్త బట్టకు పాలవాసన. యంత్రపు బట్టపై ప్రతి పువ్వును ఒకే యచ్చు, వెనుక తెలుపు.

తెరలకు పోచంపల్లి చిటికీ నేత, నేలకు 2018లో భౌగోళిక సూచిక పొందిన ఓరుగంటి జంపఖానా, అలమారకు ఏటికొప్పాక లక్కపని గుబ్బలు, ఇటలీ చలువరాయికి మాఱుగ బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు: ఇవి దేశభక్తి ప్రదర్శనకు కాదు, మన ఎండకు ఉక్కకు ఓర్చు వస్తువులని చెప్పుచున్నాము. వేసవిలో నాపరాతినేలపై చాపలేక పండుకొన్నవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱపై చెట్లరంగులతో పనిచేయు విద్యను నిలిపినందులకు సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ యిచ్చిరి. బిరుదు యొకరికి వచ్చినది. తరిణిపట్టిన తక్కిన చేతులకు కావలసినది ఆర్డరులు. గృహప్రవేశమునకు వారము ముందు పరుగెత్తిన నేతగాడేమి యీయగలడు? ఆఱునెలల ముందు బయానా యిచ్చి, కొలతలు చెప్పి, ఆ తరువాత గీచి గీచి బేరము చేయక నుండినచో చాలును. ఫాల్సు సీలింగు వానికి మేమిచ్చినపుడు పైస తగ్గించుమని అడుగలేదని మా పద్దుల పుస్తకమే సాక్ష్యము.

రంగుల విషయమున ఒక హెచ్చరిక. గృహములకు వేయు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 మించరాదను నిబంధన 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులు పూసిన పాతతలుపులను పొడిగా గీకించి, ఆ ధూళి పిల్లలాడుచోట రాలనీయరాదు. తడిపి గీకించుడు, పిల్లలను దూరముగ నుంచుడు.

మొన్న కోనసీమ మిత్రులు మాకు ఫోను చేసిరి. మండువాపై ఫైబరు రేకు క్రింద మధ్యాహ్నము కూర్చుండలేకున్నామని, క్రొత్త కోడలే దానిని తీయింపుమన్నదనియు చెప్పిరి. మిగిలిన ద్వారబంధము సంగతి యడిగితిమి. ఊరి వడ్రంగి చూచెననియు, పూజగది గోడ నాలుగంగుళములు కొట్టిన పట్టుననెననియు, వచ్చువారము కొలుచుటకు రమ్మంటిననియు వారి సమాధానము. అంతవఱకు అది పశువులపాకలోనే యుండును. ఆ పాకకు పడమటివైపు తాటాకు లేచిపోయినది, వానలు మొదలైనవి.