ఇంటికీ ఊపిరాడాలి కదా!

డిసెంబరు నెలలో ఎడ్మంటన్‌లోనో విన్నిపెగ్‌లోనో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నల్ని మొదటివారం రెండు విషయాలు విసిగిస్తాయి. ఒకటి, సాయంత్రం నాలుగున్నరకల్లా పడిపోయే చీకటి. రెండోది, బేస్‌మెంట్‌లోంచి రాత్రీపగలూ వినిపించే సన్నటి 'గుయ్‌...' మనే రొద. వెతుక్కుంటూ కిందికెళ్తే ఫర్నేసు పక్కన పెద్ద సూట్‌కేసంత పెట్టె ఒకటి వేలాడుతుంటుంది. దానికి నాలుగు లావుపాటి గొట్టాలు. ఎవరికీ అక్కర్లేని ఫ్యానేదో ఊరికే తిరుగుతోందనుకుని నాన్నగారు స్విచ్చి కట్టేస్తారు. ఆ తరంవాళ్లకి అదొక అలవాటు మరి, లైటూ ఫ్యానూ ఆర్పందే గది దాటరు! రెండ్రోజులు గడిచాక పొద్దున్నే లేచి చూస్తే కిటికీ అద్దాలకి లోపలివైపు నీళ్లు ధారకడుతుంటాయి. మొన్నటి పులిహోర పోపు వాసన ఇంకా పడగ్గదిని వదలదు. 'నాన్నా, దాన్ని కట్టెయ్యకండి. ఈ ఇంటికి ఊపిరి అదే' అంటుంది కూతురు.

ఆ పెట్టె పేరు హీట్ రికవరీ వెంటిలేటర్. అక్కడందరూ హెచ్‌ఆర్‌వీ అంటారు. ఆసుపత్రుల్లో ఉండే వెంటిలేటర్‌కీ దీనికీ సంబంధం లేదు. కానీ చేసే పని మాత్రం ఇంచుమించు అలాంటిదే.

మన పాతకాలపు పెంకుటిళ్లకి ఈ బాధ లేదు. పెంకుల సందుల్లోంచి, తలుపు కిందనుంచి, గోడమీద ఎత్తుగా వదిలిన కంతల్లోంచి గాలి దానంతటదే వచ్చిపోతుంటుంది. బయట మైనస్ ఇరవై డిగ్రీలుండే చోట అలా వదిలేస్తే డబ్బుపోసి వేడిచేసుకున్న గాలంతా వీధిపాలే. అందుకే అక్కడ గోడల్లో దూదిలాంటి ఇన్సులేషన్ కూరి, లోపలివైపు ప్లాస్టిక్ పొర పరిచి, సందన్నది లేకుండా బిగిస్తారు. చలి ఆగుతుంది. దాంతోపాటు స్నానాల ఆవిరి, వంటింటి తేమ, నలుగురి ఊపిరి, కొత్త ఫర్నిచరు వాసనా అన్నీ లోపలే ఆగిపోతాయి. గోడ మూలల్లో నల్లగా బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకి అదే నరకం.

హెచ్‌ఆర్‌వీ లోపలి గాలిని బయటికి పంపిస్తూనే బయటి గాలిని లోపలికి తెస్తుంది. కిటికీ తీసినా అంతే కదా అనొచ్చు. కిటుకంతా మధ్యలో ఉంది. వేడిపాల గిన్నెని చన్నీళ్ల పళ్లెంలో పెడితే ఏమవుతుంది? పాలూ నీళ్లూ కలవవు. కానీ పాల వేడి నీళ్లకి ఎక్కుతుంది. ఇక్కడా అంతే. పెట్టెలో పల్చటి రేకుల వరసలుంటాయి. వాటికి ఒకపక్క నుంచి పాత గాలి, రెండోపక్క నుంచి కొత్త గాలి పోతాయి. రెండూ కలవవు. వేడి మాత్రం చేతులు మారుతుంది. ఇంట్లో 20, బయట మైనస్ 20 ఉన్నప్పుడు యంత్రం 70 శాతం వేడిని పట్టుకోగలిగితే లోపలికొచ్చే గాలి 8 డిగ్రీలకి చేరుతుంది. మైనస్ 20 ఎక్కడ, 8 ఎక్కడ!

1973 చమురు సంక్షోభం తర్వాత కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం రెజైనా పట్టణంలో ఒక ప్రయోగపు ఇల్లు కట్టారు. 1977లో పూర్తయిన దాని పేరు సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్. హెరాల్డ్ ఆర్ అనే ఇంజినీరు, ఆయన సహచరులు కలిసి మామూలు ఫర్నేసే లేకుండా అంత చలిలో ఆ ఇంటిని నిలబెట్టారు. గాలి చొరబడని ఇంట్లో మనుషులు ఎలా బతుకుతారన్న ప్రశ్న వాళ్లకే ముందు ఎదురైంది. గాలి నుంచి గాలికి వేడిని మార్చే పెట్టెని అందుకే అందులో అమర్చారు. ఆనాటి ఆలోచనే తర్వాత జర్మనీలో 1991 నాటి పాసివ్ హౌస్ దాకా పాకింది.

దీన్నే తేమని కూడా మార్చేలా చేస్తే ఈఆర్‌వీ అవుతుంది. ఉక్కపోత ఊళ్లకి అది నయం. ఆ మాటకొస్తే హైదరాబాద్‌లో తలుపులన్నీ బిగించి స్ప్లిట్ ఏసీ వేసుకునేవాళ్లు చాలామంది అది బయటినుంచి కొత్త గాలి తెస్తోందనుకుంటారు. తేదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది.

సరే, అసలు విషయం బిగించడం. ఇక్కడే ప్రాణాల మీదికి తెచ్చుకునే పొరపాట్లు జరుగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం సమతూకం. లోపలికి ఎంత గాలి వస్తోందో బయటికీ అంతే పోవాలి. తేడా పది శాతం లోపే ఉండాలి. వచ్చేది ఎక్కువైతే ఇంట్లోని తేమగాలి గోడల సందుల్లోకి నెట్టుకుపోయి అక్కడ నీరవుతుంది, చెక్క కుళ్లుతుంది. ఇది నెమ్మదిగా జరిగే నష్టం. పోయేది ఎక్కువైతే మాత్రం నెమ్మది అన్నమాటే లేదు. ఇల్లు గాలికోసం వెతుక్కుంటుంది. ఎక్కడ దారి దొరికితే అక్కడినుంచి పీల్చుకుంటుంది. పాతరకం గ్యాస్ గీజరు, ఫర్నేసు, కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో అందరికంటే దగ్గరి దారి పొగగొట్టమే! పైకి పోవలసిన పొగ వెనక్కి తిరుగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగులేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మగతగా ఉండటం... జలుబో జ్వరమో అనుకుని ముసుగుతన్ని పడుకుంటారు.

2008 డిసెంబరులో ఒంటారియోలోని వుడ్‌స్టాక్‌లో ఒకే ఇంట్లో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఈ వాయువుకే బలయ్యారు. అక్కడ తప్పు హెచ్‌ఆర్‌వీది కాదు, గ్యాస్ ఫైర్‌ప్లేస్ పొగదారి మూసుకుపోయింది. ఇంట్లో అలారం లేదు. ఆ తర్వాత 2013లో ఒంటారియో చట్టసభ ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం ఉన్నా లేకున్నా పడగ్గదుల దగ్గర అలారం పెట్టకుండా హెచ్‌ఆర్‌వీ మాటే ఎత్తకూడదు.

కాబట్టి బిగించినవాళ్లు 'అయిపోయిందండీ' అనగానే డబ్బులిచ్చి పంపెయ్యకండి. రెండువైపులా గాలిని మీటరుతో కొలిచి, అంకెలు రాసి పెట్టెమీద అంటించమనండి. కొలిచే పనిముట్టు తేలేదంటే పని పూర్తి కాలేదన్నమాటే. ఇంకోటి అడగాలి. గడ్డకట్టే చలిలో రేకుల మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి కొన్ని యంత్రాలు కాసేపు బయటి గాలిని ఆపేసి, లోపలి గాలిని మాత్రం బయటికి తోస్తూనే ఉంటాయి. మళ్లీ అదే ప్రమాదం. పొగగొట్టం ఉన్న ఇంటికి లోపలి గాలినే తిప్పుకుంటూ మంచు కరిగించే రకం కొనాలి.

తర్వాత బయటిగోడ కంతలు. తాజా గాలి పీల్చే కంతకీ పాతగాలి వదిలే కంతకీ మధ్య ఆరడుగులైనా ఎడం ఉండాలి. లేకపోతే వదిలిందే మళ్లీ పీల్చుకుంటుంది. గ్యాస్ మీటరు, బట్టలారబెట్టే డ్రైయర్ గొట్టం, ఫర్నేసు పొగగొట్టం, చెత్తడబ్బా, కారు ఆపే చోటు... వీటన్నిటికీ పీల్చే కంత దూరంగా ఉండాలి. నేలకి అడుగున్నర పైన, మంచు ఎంత ఎత్తున పేరుకుంటుందో దానికీ పైన పెట్టాలి. గ్యారేజీలోంచి గాలి తీసుకోవడం అసలు కూడదు. చలి ఉదయాల్లో కారు స్టార్ట్ చేసి వదిలేస్తారు కదా, ఆ పొగంతా పిల్లల గదిలోకే. ఇవి మామూలు కొలతలు. ఊరి నిబంధనా, యంత్రంతో వచ్చిన పుస్తకమూ ఇంతకన్నా ఎక్కువ చెబితే అదే వినాలి.

ఇక మనవాళ్ల వంట! పోపు ఘాటు పోతుందని పొయ్యిమీది చిమ్నీని దీనికి కలిపేద్దామనుకుంటారు. వద్దు. నూనెజిడ్డు రేకులకి పట్టిందంటే యంత్రం పాడు, పైగా నిప్పంటుకునే భయం. డ్రైయర్ నూగుదీ అదే సంగతి. పొయ్యికి, డ్రైయర్‌కి విడిగా బయటికి గొట్టాలు వెయ్యాల్సిందే. బాత్‌రూమ్ గాలిని మాత్రం హెచ్‌ఆర్‌వీకి ఇవ్వొచ్చు.

పెట్టె వెచ్చగా ఉండే బేస్‌మెంట్‌లోనే ఉండాలి. చల్లటి అటకమీదయితే లోపలి నీరు గడ్డకడుతుంది. ఆ నీరు పోయే సన్నగొట్టానికి మధ్యలో ఒక మెలిక వేసి నీళ్లు నిలిచేలా చేస్తారు, మురుగు వాసన వెనక్కి రాకుండా. బయటినుంచి వచ్చే చల్లటి గొట్టాలకి ఇన్సులేషన్ తొడుగు ఎక్కడా చిరగకూడదు.

యూట్యూబ్ చూసి సొంతంగా గోడ తొలిచేవాళ్లూ ఉన్నారు. గోడలో కరెంటు తీగెలుంటాయి, గ్యాస్ పైపులుంటాయి. 1990కి ముందు కట్టిన ఇళ్ల అటకల్లో వర్మిక్యులైట్ గుళికలు పోసి ఉంటే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా కదిలించకూడదు. ఇన్ని చూసుకునేసరికి శిక్షణ ఉన్నవాళ్లకి అప్పగించడమే చవకని తేలుతుంది.

బిగించాక కూడా పని ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి ఫిల్టర్లు, ఏడాదికి రెండుసార్లు లోపలి రేకుల పెట్టె శుభ్రం చెయ్యాలి. బయటి కంత జాలీకి మంచో ఎండుటాకులో అడ్డుపడ్డాయేమో చూడాలి. అది మూసుకుపోతే కుదిర్చిన సమతూకం అంతా పోయినట్టే. 2023 వేసవిలోలా అడవుల మంటల పొగ కమ్మిన రోజుల్లో మాత్రం బయటి గాలి రాకుండా ఆపుకోవాలి. ఎప్పుడు కట్టెయ్యాలో, ఎప్పుడు కూడదో కూతురు కాగితంమీద రాసి పెట్టెకి అంటిస్తుంది. ఫిల్టర్లు కడిగే పని ఎవరికి పడుతుందంటారా? మొదటిరోజు స్విచ్చి కట్టేసిన నాన్నగారికే!