ఇండికేటర్ నా చెయ్యేనా?

మావారు బండి నడుపుతుంటే వెనక కూర్చుని, మలుపు రాగానే చెయ్యి చాపడం పెళ్లైనప్పటి నుంచీ నాకు అలవాటు. ఒళ్లో పిల్లాడున్నా, చేతిలో కూరల సంచీ ఉన్నా సరే. మీరూ చూసే ఉంటారు, వీధిలో ఎంతమంది ఆడవాళ్లు అలా చేతులు చాపుకుని వెళ్తుంటారో! వాళ్ల బళ్లకి ఇండికేటర్లు లేక కాదు. ఉంటాయి, వెలగవు. బాగు చేయించాలన్న తొందరా ఉండదు, వెనక మనమున్నాం కదా!

మాది 1982లో మా మామగారు కొన్న యెజ్డీ. మైసూరులో ఆ బళ్లు చేసిన ఫ్యాక్టరీ 1996లో మూతపడినా, మా ఇంట్లో దాని మర్యాద మాత్రం తగ్గలేదు. పోయినేడాది దానికి కొత్త పెయింటు వేయించారు. పెళ్లికొడుకులా తయారై వచ్చింది. ఆ రోజు నుంచే వెనక ఇండికేటర్లు రెండూ వెలగడం మానేశాయి. ముందువి వెలుగుతాయి గానీ కొట్టుకోవు, అలా నిలిచిపోతాయి. మెకానిక్ బల్బులు మార్చాడు, ఫ్లాషర్ మార్చాడు. ఆఖరికి "పాత బండి కదా సార్, వైరింగంతా మార్చాలి" అన్నాడు. ఆ ఖర్చు వచ్చే నెలకి, మళ్లీ వచ్చే నెలకి వాయిదా పడింది. నా చెయ్యి డ్యూటీలో చేరింది.

ఓ సాయంత్రం మసకచీకట్లో చాపిన చేతిని ఆటో ఒకటి రాసుకుంటూ పోయింది. గాజులు పగిలాయి. మణికట్టు దగ్గర నాలుగు కుట్లు పడ్డాయి. "చూసుకోవద్దూ?" అన్నారీయన. నాకు ఆటోవాడి మీద కోపం రాలేదు. రంగుకి వారంలో దొరికిన డబ్బు, దీపానికి ఎందుకు దొరకలేదా అని వచ్చింది.

బియస్సీలో కరెంటు పాఠాలు చదివి పరీక్ష రాసినదాన్నే. ఒకరోజు ఆయన ఆఫీసుకెళ్లాక బండి దగ్గర కూర్చున్నాను. బ్యాటరీ మీద మూతలు లెక్కపెడితే మూడు. ఒక్కో గదికి రెండు వోల్టుల చొప్పున ఆరు వోల్టులన్నమాట. పన్నెండు వోల్టుల బల్బు పెడితే మిణుగురులా వెలుగుతుంది. బల్బులు చూశాను, సరైనవే. ఫ్యూజు బాగానే ఉంది.

ఇక మిగిలింది దారి. ఈ బండిలో ఇండికేటర్‌కి ఒక్క తీగే వస్తుంది. కరెంటు తిరిగి వెళ్లేది బండి ఇనుములోంచే. దాన్నే ఎర్త్ అంటారు. ఆరు వోల్టుల బల్బుకి రెండు తీగలు కట్టి, ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి తగిలించి, రెండో కొస ఇంజను మీద ఆనించాను. వెలిగింది. ఇండికేటర్ కాడ మీద ఆనించాను. వెలగలేదు. దొంగ దొరికాడు! కాడని మడ్‌గార్డుకి బిగించిన నట్టు కింద కొత్త పెయింటు దట్టంగా ఉంది. రంగులోంచి కరెంటు పోదుగా.

బ్యాటరీ తీగ ఊడదీసి, నట్టు విప్పి, ఇనుము తెల్లగా కనిపించేదాకా గరుకు కాగితంతో రుద్దాను. బిగించాక తుప్పు పట్టకుండా పైన కాస్త వ్యాజలైన్ రాశాను. రెండో పక్కా అంతే. స్విచ్చి నొక్కితే నాలుగూ టిక్కు టిక్కుమన్నాయి! పాతరకం ఫ్లాషర్‌లో వేడికి వంగే రేకు ఉంటుంది. రెండు బల్బుల కరెంటూ పారితేనే దానికి చాలినంత వేడి పుడుతుంది. అందుకే వెనకది ఆరిపోతే ముందుదీ కొట్టుకోలేదు. ఫ్లాషర్ తప్పేం లేదు, అనవసరంగా మార్చారు.

ఖర్చు? గరుకు కాగితం ఒక్కటి. గ్యాస్ రెగ్యులేటరు మార్చుకుంటాం, మిక్సీ ప్లగ్గు బిగించుకుంటాం. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం "నీకెందుకు" అంటారు, మనమూ ఊరుకుంటాం. చెయ్యి చాపడం మాత్రం మన పనే! నిజానికి ఆ సైగ చెయ్యాల్సింది బండి నడిపేవాళ్లు.

సాయంత్రం మావారు స్విచ్చి నొక్కి చూసి, "ఎవడు చేశాడు?" అన్నారు. "చేసింది" అన్నాను.

ఇప్పుడు మలుపు దగ్గర నా చెయ్యి సంచీ మీదే ఉంటోంది. అలవాటు చొప్పున ఒక్కోసారి లేస్తుంది, అంతే.