ఏలిక లేని కళ: మా ప్రణాళిక

మేం బొమ్మలు వేసేవాళ్లం, పాటలు కట్టేవాళ్లం, వీధినాటకాలు ఆడేవాళ్లం. రాజకీయంగా అరాచకవాదులం. మనిషి మీద మనిషి పెత్తనం రాజ్యం చేసినా, యజమాని చేసినా, కులం చేసినా, పార్టీ చేసినా ఒప్పుకోం. నల్లజెండా బొమ్మ వేసినంత మాత్రాన అది మా కళ అయిపోదు. ఆ బొమ్మకు డబ్బు ఎవరిచ్చారు, ఏం వెయ్యాలో ఎవరు తేల్చారు, నిచ్చెన ఎవరు పట్టుకున్నారు, పేరు ఎవరికి పోయింది? మా రాజకీయం ఈ ప్రశ్నల దగ్గర మొదలవుతుంది.

1871 ఏప్రిల్‌లో, పారిస్ కమ్యూన్ రోజుల్లో, అక్కడి కళాకారులు ఒక సమాఖ్య కట్టుకున్నారు. చిత్రకారుడు గుస్తావ్ కూర్బే దానికి ముందు నిలిచాడు. 47 మంది కమిటీలో చిత్రకారులు 16 మంది, శిల్పులు 10 మంది. మిగతావాళ్లలో అలంకరణ పనివాళ్లు 10 మంది ఉన్నారు. ఈ పదిమందే మాకు ముఖ్యం. చేత్తో వస్తువులు చేసి బతికే వీళ్లను అంతకుముందు పెద్ద కళాకారులు తమ సరసన కూర్చోనిచ్చేవారు కాదు. సమాఖ్య ప్రకటన రాసిన యూజీన్ పొతియే కూడా బట్టల మీద డిజైన్లు గీసి బతికినవాడే. కమ్యూన్‌ను నెత్తుట ముంచాక, ఆ జూన్‌లోనే 'ఇంటర్నేషనల్' గీతం రాసింది ఆయనే. కమ్యూన్ మాదేనని మార్క్సిస్టులంటారు, మేమూ అంటాం. ఆ తగువు ఇక్కడ తేలేది కాదు. కళకు ప్రభుత్వ సంరక్షణ అక్కర్లేదన్న ఆ సమాఖ్య మాటనే మా మొదటి సూత్రంగా తీసుకుంటున్నాం. కాబట్టి అకాడమీ అవార్డులకు దరఖాస్తు పెట్టం. కంపెనీ నిధులతో గోడలకు రంగులు వేయం. ఏ పార్టీకీ సాంస్కృతిక విభాగంగా ఉండం. నాయకుడు వచ్చేదాకా జనం లేచిపోకుండా పాట పాడించడం ఎర్రజెండా సభల్లోనూ చాలా చూశాం.

1894లో ఫ్రెంచి అధ్యక్షుడు కార్నో హత్య తర్వాత అరాచకవాదులను వేటాడారు. చిత్రకారుడు మాక్సిమిలియన్ లూస్‌ను మజాస్ జైల్లో పెట్టారు. పాల్ సిన్యాక్ తన పెద్ద చిత్రం 'అరాచక కాలంలో' పేరును 'సామరస్య కాలంలో' అని మార్చుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టం. సముద్రపు ఒడ్డున పండ్లు కోసేవాళ్లు, ఆటలాడేవాళ్లు, చదువుకునేవాళ్లు ఉన్న చిత్రమది. అందులో యజమాని ఎక్కడా లేడు. దోపిడీని చూపే బొమ్మలు మా దగ్గర చాలానే ఉన్నాయి, ఇలాంటివి తక్కువ. ఇకమీద ఇవీ వేస్తాం. అదే ఏడాది పారిస్ కేఫేలో కూర్చున్నవాళ్ల మీద ఎమిల్ ఆన్రీ విసిరిన బాంబును మాత్రం కీర్తించం. అదీ పెత్తనమే.

మనదగ్గర 1965లో, హైదరాబాదులో అర్ధరాత్రి, దిగంబర కవుల తొలి సంపుటిని రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. ఆ ఆరుగురూ సొంత పేర్లు వదిలేశారు. ఆ తెగువ మాకు కావాలి. ఆడవాళ్ల శరీరాన్ని తిట్టుగా వాడిన భాష అక్కర్లేదు. వదిలేసిన పేర్ల చోట కొత్త పేర్లు ప్రసిద్ధమయ్యాయి కూడా. మేం అసలు సంతకమే పెట్టం.

డప్పు మాదిగ పిల్లాడే కొట్టాలి, నాటకం చదువుకున్నవాడే రాయాలి అన్న పంపకం మా దగ్గర చెల్లదు. పాత్ర వేసినవాళ్లే తెర కడతారు, చాపలు చుడతారు. మాకు కార్యదర్శి లేడు. అందరం కూర్చుని తేలుస్తాం, అందుకే ఆలస్యమవుతుంది. ఒక్కోసారి ప్రదర్శనే ఆగిపోతుంది. అయినా ఒకరి ఆజ్ఞతో ఆడించం. వచ్చిన చందా లెక్క వచ్చిన చోటే చదివి వినిపిస్తాం.

మా పాటలు, బొమ్మలు, నాటకాలు ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మమ్మల్ని అడగక్కర్లేదు. మరొకరు వాడకుండా వాటికి తాళం మాత్రం వేయొద్దు. ఈ ప్రణాళిక కూడా అంతే. నచ్చని వాక్యం కొట్టేసి, మీ మాట రాసి, మీ ఊళ్లో అచ్చువేసుకోండి.