గోడల మీద ఆడవాళ్ళు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బే ఏరియా తెలుగువాళ్ళం శాన్ ఫ్రాన్సిస్కోలో చూపించేవి దాదాపు ఒకటే వరస. గోల్డెన్ గేట్ వంతెన, వంకర్లు తిరిగే లంబార్డ్ వీధి, పియర్ 39. కారు దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్ళీ కారెక్కడం. ఒక్కసారి కారు ఇంట్లోనే వదిలేసి, బార్ట్ రైలెక్కి 24వ వీధి మిషన్ స్టేషన్లో దిగి చూడండి. గైడు అక్కర్లేదు. బొమ్మలు చూడ్డానికి టిక్కెట్టూ లేదు. మొత్తం సుమారు మూడు మైళ్ళ నడక. పట్టపగలు వెళ్ళండి, మెత్తటి బూట్లు వేసుకోండి.

స్టేషన్ నుంచి 24వ వీధి వెంట తూర్పుకి నడిస్తే యార్క్ వీధి మూల వస్తుంది. 1983లో హువానా అలీసియా అనే చిత్రకారిణి ఈ గోడ మీద లెట్యూస్ కోసే కూలీ స్త్రీల బొమ్మ వేసింది. ఆమె చిన్న వయసులో సాలినాస్ లోయ పొలాల్లో స్వయంగా ఆ పని చేసింది. నీళ్ళు దిగి గోడ పాడైపోతే, 2004లో అదే గోడ మీద మళ్ళీ తనే కొత్త బొమ్మ వేసింది. ఈసారి కథ నీళ్ళదే. మెక్సికో జానపద కథల్లో నీటి ఒడ్డున ఏడ్చే తల్లి 'లా యొరోనా' ఉంది. నీటి హక్కు కోసం పోరాడిన బొలీవియా జనం ఉన్నారు. వాళ్ళ పక్కనే, ఆనకట్టకు ఎదురు తిరిగి ముంపు నీళ్ళలో నిలబడిన మన నర్మదా లోయ ఆడవాళ్ళూ ఉన్నారు. శ్రీశైలం ముంపు, పోలవరం ముంపు అన్న మాటలు వింటూ పెరిగినవాళ్ళకి ఆ గోడని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

వెనక్కి నాలుగైదు వీధులు వస్తే బామీ సందు. పెరటి కంచెలు, గరాజు తలుపులు, అన్నిటి మీదా బొమ్మలే. ఇక్కడ 1970ల మొదట్లో రంగులు పట్టినవాళ్ళలో 'ముహేరెస్ మురలిస్తాస్' అనే ఆడవాళ్ళ బృందం వాళ్ళున్నారు. 1984లో మధ్య అమెరికా యుద్ధాల మీద రెండు డజన్లకు పైగా బొమ్మలు ఈ ఒక్క సందులోనే వేశారు. ఎల్ సాల్వడోర్ నుంచి, గ్వాటెమాలా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళకు ఆశ్రయమిచ్చిన పేట ఇది. పాత బొమ్మల్లో చాలావాటి చోట ఇప్పుడు కొత్తవి వచ్చాయి. ఇవి కాపురాలున్న ఇళ్ళు, గరాజులకు అడ్డం నిలబడకండి.

మళ్ళీ మిషన్ వీధికి వచ్చి ఉత్తరంగా 18వ వీధి దాకా వెళ్ళి, ఎడమకు తిరిగితే విమెన్స్ బిల్డింగ్. 1979 నుంచి ఆడవాళ్ళ సంస్థ సొంతం. 1994లో ఏడుగురు చిత్రకారిణులు కలిసి ఈ నాలుగంతస్తుల భవనం రెండు వైపులా 'మాయెస్త్రాపీస్' వేశారు. ఆ ఏడుగురిలో హువానా అలీసియా ఉంది, మీరా దేశాయ్ అనే పేరూ ఉంది. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెన్చూ, కవయిత్రి ఆడ్రీ లార్డ్ ఈ గోడ మీద కనిపిస్తారు. దేశదేశాల నేత బట్టల డిజైన్లు గోడంతా అల్లుకుని ఉంటాయి. ఆరు వందలకు పైగా స్త్రీల పేర్లు రాసి ఉన్నాయి. కాసేపు నిలబడి చదవండి.

అక్కణ్ణుంచి రెండడుగులేస్తే, 17వ, 18వ వీధుల మధ్య క్లారియన్ సందు. 1992 నుంచి ఇక్కడ బొమ్మలు వేస్తున్నారు, మారుస్తున్నారు. ఇళ్ళు ఖాళీ చేయించడం మీద వేసినవి ఇక్కడ కనిపిస్తాయి. ఇక్కడే మనకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పెరిగిన అద్దెలు కట్టలేక ఈ పేట నుంచి ఎన్నో లాటినో కుటుంబాలు వెళ్ళిపోయాయి. ఆ అద్దెల్ని అంతకంతకు పెంచింది టెక్నాలజీ జీతాలు. మనలో చాలా ఇళ్ళు గడిచేది ఆ జీతాల మీదే. దానికి ఎవరూ తల దించుకోనక్కర్లేదు కానీ, తెలియనట్టు రంగులు మాత్రమే చూసి రావడం బాగుండదు. కాఫీ తాగాలన్నా, రొట్టె కొనాలన్నా 24వ వీధిలో ఏళ్ళ తరబడి నడుస్తున్న చిన్న బేకరీల్లోనే కొనండి. ఇంటికి రావడానికి 16వ వీధి స్టేషన్ దగ్గర.

మీరుండేది ఇంకో ఊరైనా పరవాలేదు. ఈ రోజుల్లో చాలా నగరాల్లో ఇలాంటి బొమ్మల గోడలకు మ్యాపులు దొరుకుతున్నాయి. ఒక ఆదివారం పొద్దున మీ కోసం మీరు తీసుకుని, ఒక్కరే గానీ స్నేహితురాలితో గానీ వెళ్ళండి. వెళ్ళేటప్పుడు రెండు ప్రశ్నలు వెంట తీసుకెళ్ళండి. ఈ గోడ మీద ఉన్నది ఎవరు? వాళ్ళు ఇప్పటికీ ఈ వీధిలో ఉండగలుగుతున్నారా?