తాళానికి వేరే రేటా?

ఇల్లు కట్టి అమ్మేవాడు తలుపు పెట్టి, గడియ కావాలంటే మాత్రం ట్రిపుల్ బెడ్‌రూమ్ కొనాల్సిందే అంటే మేడ్చల్‌లో అయినా ఊరుకుంటారా? నిలదీస్తారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు రోజూ చేస్తున్నది ఇదే. మనం దాన్ని ‘ఎంటర్‌ప్రైజ్ ప్లాన్’ అని మర్యాదగా పిలుచుకుంటున్నాం.

మేడ్చల్ పారిశ్రామికవాడలో పదీ ఇరవైమందితో నడిచే యూనిట్లున్నాయి. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో పెద్ద టీకా కంపెనీల పక్కనే చిన్న ల్యాబులున్నాయి. ఇలాంటిచోట్ల స్టాకు, ఆర్డర్లు, పరీక్షల ఫలితాలు నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోతున్నాయి. ఒక మనిషి ఉద్యోగం మానేస్తే అతని లాగిన్‌లన్నీ ఒక్కచోటి నుంచే ఆపగలగాలి. ఒక అంకె మారితే ఎవరు, ఎప్పుడు మార్చారో తెలియాలి. మొదటిదానికి సింగిల్ సైన్-ఆన్ కావాలి, రెండోదానికి ఆడిట్ లాగ్. చాలా ధరల పట్టికల్లో ఈ రెండూ చిట్టచివరి గడిలో ఉంటాయి. ఆ గడిలో ధర కూడా ఉండదు, ‘మా సేల్స్‌వాళ్లతో మాట్లాడండి’ అని ఉంటుంది. నాకు తెలిసిన ఒక యూనిట్‌కి పన్నెండు లాగిన్‌లు చాలు. ఆడిట్ లాగ్ కావాలంటే యాభై కొనమన్నారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో 2023లో ప్రపంచమంతా చూసింది. చైనా హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అమెరికా ప్రభుత్వ మెయిళ్లలోకి దూరారు. పసిగట్టింది అక్కడి విదేశాంగ శాఖ. మెయిల్ ఎవరు తెరిచారో చెప్పే లాగ్ వాళ్ల దగ్గర ఉంది కాబట్టి పట్టుకోగలిగారు. ఆ లాగ్ ఖరీదైన ప్లాన్‌లోనే దొరికేది. విమర్శలు వచ్చాక, జూలైలో, అలాంటి లాగ్‌లని అదనపు ధర లేకుండా మిగతావాళ్లకీ ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంటే ఇవ్వలేక కాదు, అప్పటిదాకా ఇవ్వలేదు, అంతే.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి కంపెనీకీ ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌కి కూడా మినహాయింపు లేదు. లెక్కల పుస్తకానికి ఒప్పుకున్న న్యాయం స్టాకు రిజిస్టర్‌కి ఎందుకు పనికిరాదు?

మావాళ్ల జవాబు నాకు తెలుసు. పెద్దవాళ్లు ఎక్కువ కడితేనే చిన్నవాళ్లకి చవకగా ఇవ్వగలం అంటారు. అది నిజమే, పెద్దవాళ్ల దగ్గర ఎక్కువే తీసుకోండి. యూజర్ల లెక్కన తీసుకోండి, డేటా లెక్కన తీసుకోండి, అర్ధరాత్రి ఫోనెత్తే సపోర్టుకి తీసుకోండి. లాగ్ పదేళ్లు దాచమంటే ఆ ఖర్చూ వెయ్యండి. తొంభై రోజుల లాగ్ మాత్రం అందరికీ ఇవ్వండి.

ఎయిర్‌బ్యాగ్ కూడా ఒకప్పుడు చాలా కార్లలో పై మోడళ్లకే ఉండేది. 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. దానివల్ల కార్ల వ్యాపారం మూతపడలేదు. సన్‌రూఫ్‌కి ఇప్పటికీ బాగానే వసూలు చేసుకుంటున్నారు.

చిన్న ప్లాన్ కోసం ఈ ఫీచర్లని మళ్లీ రాయక్కర్లేదు. కోడ్ ఒకటే. మధ్యలో ఒక షరతు పెట్టి ఆపుతాం. ఆ షరతు టైప్ చేసేది నాలాంటి ఇంజనీర్లే, ఇది చదివేవాళ్లలోనూ చాలామంది ఉంటారు. ఈసారి అలాంటి టికెట్ మీ చేతికొస్తే ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఆపితే కస్టమర్‌కి పోయేది సౌకర్యమా, రక్షణా? రక్షణే అయితే ఆ షరతు రాయనని చెప్పండి.